గరిడియు, జమాఖర్చు పుస్తకమును

కఱ్ఱసాము నేర్చుట యొక విద్య. కఱ్ఱసాము నేర్పెడి గరిడిని నడుపుట వేఱొక విద్య. మొదటిదానిలో ఆరితేరినవానికి రెండవది తనంతట తానే వచ్చునని మనలో పలువురు తలంతురు. అట్లు రాదనియు, రాకపోవుటచేతనే మంచి గురువులు కొందఱు తమ విద్యను విడిచి కూలిపనులకు పోవుచున్నారనియు నాకు మూడేండ్ల యనుభవమువలన తెలిసినది. ఆ యనుభవమునే యిచ్చట విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

నేను గణితోపాధ్యాయుడను. సాములో నాకు ప్రవేశము లేదు. నా కుమారుడు మా యూరి చెఱువుగట్టు క్రిందనున్న గరిడిలో చేరిన పిమ్మట, సాయంకాలములందు వానిని తోడ్కొని వచ్చుటకై పోయి, యొక మూల కూర్చుండి చూచుచుండెడివాడను. అచ్చటి గురువును అందఱును ఉస్తాదుగారని పిలుతురు. ఆయన తండ్రియు, తాతయు సాముగాండ్రే. దసరా యుత్సవములలోను, పీర్లపండుగలోను ఆ యింటివారి కఱ్ఱ తిరుగని యేడు లేదని పెద్దలు చెప్పుదురు. ఆయన చేతిలో కఱ్ఱ తిరుగునపుడు కఱ్ఱ కనబడదు. దాని చప్పుడు మాత్రమే వినబడును. అట్టివాడు పగలెల్ల బియ్యపుమిల్లులో కాటావద్ద పనిచేసి, రాత్రి యొక గోదాము కాపలా కాచి, నడుమ దొరికిన 2 గంటలు పిల్లలకు సాము నేర్పుచుండెను.

ఒకనాడు, "మీ గరిడిలో ఎందఱు పిల్లలున్నారు, ఉస్తాదుగారూ?" అని యడిగితిని. "40 మంది యుందురు, మాస్టారూ" అనెను. మఱునాటినుండి వారము దినములు నేను లెక్కించితిని. ఏ దినమును 26 మందికి మించి రాలేదు. రుసుము ఇచ్చువారెందఱని యడుగగా ఆయన నవ్వి, "ఇచ్చువారు ఇత్తురు; ఇయ్యనివారు దసరాకు పండ్లు తెత్తురు" అనెను. షెడ్డు అద్దె, దీపముల ఖర్చు, వెదురుకఱ్ఱల వెల కాగితముపై వేసి చూడగా, ఆయన కాపలాజీతములో మూడవవంతు గరిడికే పోవుచున్నదని తేలినది. ఆ లెక్క ఆయనకు తెలియదు. చేతిలో డబ్బు నిలుచుట లేదని మాత్రము తెలియును. ఆ యేడు గడచిన పిమ్మట గరిడి మూసి, నగరమునకు పోయి, కాపలాపనియే చేసికొందునని యింటిలో చెప్పియుండెనట.

మన పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకు ఈ యిబ్బంది లేదు. హారీ క్రో బక్ అను నాతడు 1920లో మద్రాసునందు వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించెను. ఆటలు నేర్పువానికిని శిక్షణము కావలెనను నియమముపై నడచిన సంస్థ యది. పాఠశాలలో చేరిన వ్యాయామోపాధ్యాయునకు స్థలము, జీతము, హాజరుపట్టీ పాఠశాలయే సమకూర్చును. గరిడి గురువునకన్ననో, పాఠము చెప్పువాడును ఆయనయే, గుమాస్తాయు ఆయనయే, నేల యూడ్చువాడును ఆయనయే.

లెక్కలు నేను వ్రాసిపెట్టెదనని చెప్పగా ఆయన మొదట నొప్పుకొనలేదు. "విద్య నమ్ముకొనుట మా యింట లేదు, మాస్టారూ. పై వీధిలో జరుగుచున్నది చూచుచునే యున్నారు గదా!" అనెను. మూడు నెలలకొకమాఱు సొమ్ము పుచ్చుకొని పిల్లల నడుముపట్టీల రంగు మార్చు నొక క్రొత్త శిక్షణశాలను గూర్చి యాయన యట్లనెను. ఆ భయము నిరాధారమైనది కాదు. అయితే లెక్క వ్రాయుట వేఱు, విద్య నమ్ముకొనుట వేఱు. ఈ భేదమును తెలుపుటకై నేను జపానుదేశీయుడైన కానో జిగోరో చరిత్రమును చెప్పితిని.

కానో 1860లో జన్మించెను. జుజుత్సు అను ప్రాచీన విద్యకు ఆదరణ తగ్గిన కాలమున దానిని నేర్చి, సంస్కరించి, జూడో అని పేరిడి, 1882లో టోక్యో నగరమునందలి యొక బౌద్ధాలయములో కొడోకాన్ అను శాలను ప్రారంభించెను. 12 చాపలు పట్టు గదియే యా శాల. మొదటి యేడు చేరినవారు 9 మంది. కానో తానును బడిలో పాఠము చెప్పుకొని బ్రదుకువాడే. శాలలో చేరువారు నియమములకు బద్ధులమని సంతకము చేయు పద్ధతిని ఆయన నెలకొల్పెను. 1883లో ఇద్దఱు శిష్యులకు మొదటి 'దాన్' శ్రేణి నిచ్చెను. ఇట్లు శిష్యుని యభివృద్ధిని కొలుచుటకు అందఱెఱిగిన మెట్లు ఏర్పడినవి. 1909లో కొడోకాన్ చట్టప్రకారము నమోదైన సంస్థయయ్యెను. 1938లో కానో ఓడప్రయాణమునందు మరణించెను గాని ఆయన శాల మరణింపలేదు. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో చేరెను. కొడోకాన్ నేటికిని నడుచుచున్నది.

"పట్టీలమ్మువాడును కానోయు ఒక్కపనియే చేసిరందురా?" అని యడిగితిని. ఉస్తాదుగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "సరే, పుస్తకము తెండు" అనెను.

మేము నాలుగు పుస్తకములు ప్రారంభించితిమి. మొదటిది హాజరుపట్టీ. అందు పిల్లల పేరు, వయస్సు, తల్లిదండ్రుల ఫోను సంఖ్య, ఉబ్బసము, మూర్ఛ వంటి వ్యాధులున్నచో వాని వివరము వ్రాయబడును. రెండవది రసీదు పుస్తకము. మూడవది జమాఖర్చు. నాలుగవది పాఠక్రమము. దీనికి కలము నాది, మాట ఆయనది. తాతనాటి యడుగులు, వేటులు, కాపులు ఆయన వరుసగా చెప్పుచుండగా 11 రాత్రులు వ్రాసితిని. కొన్నిచోట్ల ఆయన ఆగి, లేచి, కఱ్ఱ తీసికొని ఆడి చూచుకొని, "మా నాయన పోయిన తరువాత ఇది యెవరికిని చెప్పలేదు" అనెను. గరిడి ఆ యేడే మూతపడియున్నచో, మూడు తరముల యా విద్యలో కొంత ఆయనతోనే యంతరించియుండెడిది.

హాజరుపట్టీ మూడు నెలలలో మాకొక సంగతి నేర్పినది. మానినవారిలో పెక్కుమంది రెండవ నెలలోనే మానుచుండిరి. ఏలయన, ఆ నెలయంతయు పాదము నిలుపుటయే పాఠము. అది యెందులకో, తరువాత నేమి వచ్చునో వారికి తెలియదు. ఉస్తాదుగారు పాఠమును తగ్గింపలేదు. మొదటి మెట్టు ఎన్ని నెలలో, దాని చివర పిల్లలు ఏమి చేయగలుగవలెనో గోడపై వ్రాయించెను. ఆ మెట్టు దాటినవారికి సొమ్ము పుచ్చుకొనక, అందఱియెదుట తన చేతితో ఒక కఱ్ఱ నిచ్చుట యలవాటు చేసెను. పిమ్మట మానువారు తగ్గిరి.

రుసుమును నెలలో మొదటి 5 దినములలో చెల్లింపవలెనని నిర్ణయించితిమి. ఇయ్యలేని యింటి పిల్లలకు మినహాయింపు కలదు. అదియు పుస్తకమున నెక్కును గాని, గురువునకును నాకును తప్ప నన్యులకు తెలియదు. పూర్వము ఇయ్యలేక సిగ్గుపడి మానిన యిద్దఱు బాలురు ఈ యేర్పాటువలన మరల వచ్చిరి.

దేశమునందును ఇట్టి విద్యలకు కొంత గౌరవము కలుగుచున్నది. 2022లో హర్యానాయందు జరిగిన ఖేలో ఇండియా యువక్రీడలలో కలరిపయట్టు, గట్కా, థాంగ్-తా, మల్లఖంబము, యోగాసనములు చేర్చబడినవి. పిల్లలను పోటీకి పంపదలచిన గురువునకు వారి వయస్సును గూర్చియు, శిక్షణమును గూర్చియు కాగితమున్నచో ఎంతయో మేలు.

ఇప్పుడు మా గరిడి తన యద్దెను తానే చెల్లించుకొనుచున్నది. ఉస్తాదుగారు రాత్రికాపలా మానెను. మిల్లుపని యింకను మానలేదు. పెద్దతరగతి బాలిక యొకతె చిన్నపిల్లలకు మొదటి మెట్టు నేర్పి, నెలకు కొంచెము పారితోషికము పొందుచున్నది. షెడ్డు యజమానితో మాత్రము వ్రాతపూర్వకమైన యొడంబడిక నేటికిని లేదు. ఆయన స్థలమమ్మదలచినచో గరిడి వీధిని పడును. మా తరువాతి పని యదియే.

తల్లిదండ్రులారా! గురువునకు నమస్కరించుట మనమెఱుగుదుము. రుసుమును సకాలమున నిచ్చి రసీదు పుచ్చుకొనుటయు నమస్కారమే. మీలో లెక్కలు తెలిసినవారు నెలకు రెండు గంటలు వెచ్చించినచో ఒక గరిడి నిలుచును. సోదర విద్యార్థులారా! మీ గురువునొద్ద హాజరుపట్టీ యున్నదో లేదో విచారింపుడు. లేకున్నచో ఒక నోటుపుస్తకము కొని, గీతలు గీసి, మొదట మీ పేరు వ్రాసి యిండు. దాని వెల యొక వెదురుకఱ్ఱ వెలకన్న తక్కువ.