బిల్లుండ్‌లో ఒక చిన్న ప్రొక్లెయిన్

డెన్మార్కు దేశములో బిల్లుండ్ ఒక చిన్న పట్టణము. 1932లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అను వడ్రంగి అక్కడ చెక్క బొమ్మలు చేయనారంభించాడు. 1942లో కార్ఖానా కాలిపోయినా మరల కట్టాడు. పైన బొడిపెలు, లోపల గొట్టాలు గల నేటి లెగో ప్లాస్టిక్ ఇటుకకు 1958 జనవరి 28న ఆయన కుమారుడు పేటెంటు కోరాడు.

2017లో తెరచిన లెగో హౌస్‌ను మేము కుటుంబముగా దర్శించాము. అక్కడ ఇటుకలు రాసులుగా పోసి ఉన్నాయి. మా చిన్నవాడు ఏ పుస్తకమూ చూడక, మా ఊరి చెరువులో పూడిక తీసిన ప్రొక్లెయిన్‌ను తలచుకొని కట్టసాగాడు. క్రింద చక్రాలు, పైన డ్రైవరు గది, ముందు పొడవాటి చేయి. చేయి చాపగానే బండి బోర్లాపడింది. వాడికి కన్నీళ్లు తిరిగాయి.

"చేయి కురచ చెయ్యరా" అన్నాము.

"వద్దు నాన్నా, అసలు బండికి వెనుక బరువుంటుంది గదా!" అని, వెనుక నాలుగు వరుసల ఇటుకలు పేర్చాడు. బండి నిలిచింది!

ఇటుకలు అక్కడివే గనుక, విప్పి రాశిలో వేసి వచ్చాము.

ప్రియమైన తల్లిదండ్రులారా, పిల్లలు కట్టినది పడిపోతే, వారి ఆశను కురచ చేయమనకండి. ఎక్కడ బరువు చాలలేదో వారినే వెదకనివ్వండి. ఆనాడు మేము తొందరపడ్డాము, వాడు ఆలోచించాడు.