ఆడువాని స్వభావము – ఆట నిబంధన

ఆటలన్నియు నొక్క తీరువి కావు. ఆడువారును నొక్క తీరువారు కారు. వైకుంఠపాళి గవ్వల మీద నడచును. పులిజూదము ఆలోచన మీద నడచును. గవ్వ పడిన చొప్పున నిచ్చెన యెక్కి, పాము నోట బడి, పకపక నవ్వువారు కొందరు. మేకలతో పులిని కదలనీయక బంధించుటయే ఆట యనువారు మఱికొందరు. వీరిలో నెవరు మేలని మమ్ము అడిగినచో, ఎవరికే యాట తగునో యదియే అడుగదగిన ప్రశ్నయని చెప్పుదుము. ఈ సంగతి బల్లచుట్టు కూర్చుండి యాడు పాత్రధారణ క్రీడలయందు మిక్కిలి స్పష్టముగ గానవచ్చును గనుక, వానిని గూర్చియే యిచ్చట కొంత వ్రాయదలచితిమి.

ఈ క్రీడలో ఒక్కొక్కడు ఒక కల్పిత పాత్రను ధరించును. వేషము లేదు, రంగస్థలము లేదు. నోటి మాటయే సమస్తము. ఒకడు ఆట నడుపువాడై, “మీ యెదుట పాడుబడిన కోట యున్నది, ఏమి చేయుదురు?” అని యడుగును. తక్కినవారు తమ పాత్రలు చేయు పనిని చెప్పుదురు. ఆ పని నెఱవేరునో లేదో యని సందేహము కలిగినప్పుడు పాచికలు వేసి, నిబంధనల పుస్తకము చొప్పున నిర్ణయింతురు. సాధారణముగ నొకరు గెలిచి యొకరు ఓడుట యుండదు. కథ సాగుటయే ఫలము.

ప్రష్యా సైన్యమున 1824వ సంవత్సరమున రైస్‌విట్జ్ అను అధికారి పటము మీద యుద్ధమభ్యసించు నొక క్రీడను ప్రవేశపెట్టెను. అందు పాచికలును, తీర్పు చెప్పు మధ్యవర్తియు నుండిరి. అట్టి యుద్ధక్రీడల వంశముననే 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుట్టెను. మొదట అది మూడు చిన్న పుస్తకములుగా వెలువడెను. నేటికి ఇట్టి క్రీడలు అనేకములు కలవు.

ఒకే బల్లయొద్ద ఒకే పుస్తకముతో ఆడుచున్నను, ఆడువారి కోరికలు వేఱని 1980లోనే గ్లెన్ బ్లాకో అను నాతడు ఒక వ్యాసమున జూపెను. తన పాత్రకు బలమును సంపదను కూర్చుకొనువాడు ఒకడు. యుక్తిచే చిక్కులు గెలువగోరువాడు ఒకడు. తన పాత్ర మనస్సులో ప్రవేశించి దాని వలె మాటలాడువాడు ఒకడు. కథ చక్కగ సాగవలెనని కోరువాడు మఱియొకడు. ఈ నాలుగును కొంత కొంత ప్రతివానియందు నుండును. పాళ్లు మాత్రము వేఱు.

నిబంధనలు ఈ కోరికలకు సాయపడునో, అడ్డుపడునో చూడుడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఇరువది ముఖముల పాచిక నొక్కటి వేయుదురు. ప్రతి సంఖ్యయు నూటికి 5 వంతులు పడును. పాత్ర నేర్పు నాలుగు మెట్లు పెరిగినను జయావకాశము నూటికి 20 మాత్రమే పెరుగును. 1986లో వెలువడిన ‘గర్ప్స్’ అను క్రీడలో ఆరు ముఖముల పాచికలు మూడు వేసి, మొత్తము తన నేర్పునకు మించకున్నచో జయమందురు. మూడు పాచికలు 216 విధముల పడగా, 3 వచ్చుట ఒక్క విధమున మాత్రమే. 10 వచ్చుట 27 విధముల. అందుచేత నేర్పు 10 గలవాడు నూటికి 50 మార్లు జయించును. 14 గలవాడు ఇంచుమించు 90 మార్లు జయించును. హఠాత్తుగా కలుగు వింతలను ప్రేమించువానికి మొదటిది తగును. సాధనచే గడించిన నేర్పు ఫలింపవలెనను వానికి రెండవది తగును. గణితము నిష్ప్రయోజనమను విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూతురుగాక!

మఱి కొన్ని క్రీడలు వేఱు దారి త్రొక్కినవి. 1981 నాటి ‘కాల్ ఆఫ్ థుల్హు’లో పాత్ర భయంకర రహస్యములను దెలిసికొనుకొలది దాని మనస్స్థిమితము సడలిపోవును. బలము కూర్చుకొనగోరువాని కిది దుఃఖము. పాత్రలో లీనమగువానికి విందు. 1991 నాటి ‘ఆంబర్’లో పాచికలే లేవు. 2009 నాటి ‘ఫియాస్కో’లో ఆట నడుపువాడే లేడు; అందఱును కలసి కథ నల్లుదురు.

నిబంధనలు తక్కువైనకొలది స్వేచ్ఛ యెక్కువ యని తలచుట సహజము. కాని యుపాధ్యాయులమైన మేము తరగతులయందు ప్రతిదినము చూచునది వేఱు. నియమము లేని చోట గట్టిగా మాటలాడువాని మాటయే చెల్లును. మెల్లగా మాటలాడు బాలుడు, వెనుక బల్లమీది బాలిక, నోరు మెదపక లేచిపోవుదురు. పాచికయు పుస్తకమును ఉన్నచో వారి వంతు వారికి వచ్చును. వారి పాత్ర చేయు పనిని ఎవరును కాదనజాలరు. అట్లే లెక్కలకు జంకి, కథ చెప్పుటలో నిపుణుడైన బాలునికి బరువైన పుస్తకము సంకెల యగును. వానికి తేలికైన నిబంధనయే రెక్కలు. “నీకు ఆడుట రాదు” అని యొక బిడ్డను త్రోసివేయుటకు ముందు, ఆ యాట వానికి తగినదేనా యని విచారింపవలెను.

కావున ఆట నారంభించుటకు ముందే ఒకరినొకరు అడుగుడు: నీకు అదృష్టము ప్రియమా, ఆలోచనయా? నీ పాత్ర చనిపోయినచో నోర్చుకొందువా? లెక్క వేయుట సంతోషమా, శ్రమయా? యుద్ధము కావలెనా, సంభాషణమా? అర్ధగంట సేపు జరుగు ఈ మాటలు అనేక కలహములను దప్పించును.

1980 దశకమున అమెరికాలో కొందఱు క్రైస్తవులు ఈ క్రీడలు మంత్రవిద్యకు ద్వారమని భయపడిరి. మఱికొందఱు ఇదే తీరును సద్వినియోగము చేయనెంచిరి. 1984లో వెలువడిన ‘డ్రాగన్‌రెయిడ్’ అను క్రీడలో, ఆడువారు కంఠస్థము చేసిన బైబిలు వచనములను వల్లించి ఆపదలను దాటవలెను. తలిదండ్రులు కథలోని సంగతి యేదో, దానివలన బిడ్డకు అబ్బు గుణమేదో పరిశీలించుట న్యాయము. ఆటయని వినగానే త్రోసివేయుట న్యాయము కాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో శరీరమునకు అవయవములు అనేకములనియు, ఒకటి మఱియొకదానిని అక్కఱలేదనరాదనియు బోధించెను. ఆటబల్లయు అట్టిదే. విద్యార్థులారా! మీ స్వభావమును దాచుకొనకుడు. మీ తోడివాని స్వభావమును తృణీకరింపకుడు. ఇరువురికిని చోటుగల నిబంధనను వెదకి యాడుడు.