ఎర్ర ఇసుక అడుగున తీపి నీరు

పోయిన జ్యేష్ఠమాసం ఆఖరున మేము దంపతులం కోవిల్‌పట్టి నుండి ఉడన్‌గుడికి ప్రయాణమైనాము. తిరుచెందూరు దారే అయినా ఇది తీర్థయాత్ర కాదు. ఉడన్‌గుడి చెంత మా మేనత్తగారికి రెండెకరాల తాటితోపు, అందులో ఒక పాత బావి వున్నవి. దానికి బేరం వచ్చింది. చెన్నపట్నంలో వున్న మా బావగారు, "నీవు ఆఫీసులో లెక్కలు చూచేవాడివి గదా, ఒకసారి వెళ్ళి చూచి, అమ్మవచ్చునో కూడదో వ్రాయి" అన్నారు. ఆస్తి అత్తగారి పేరున వున్నది గనుక ఆమెను ఒప్పించే పని కూడ మా నెత్తినే పడింది.

ఎట్టయాపురం మీదుగా బస్సు పోతుంటే ఇరుప్రక్కల నల్లరేగడి. ఈ నేల సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు; మన పెద్దలు వచ్చి దున్నిన నేలే. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగు లిపిలో అచ్చయినది ఈ ఎట్టయాపురంలోనే. ఊరు దాటేటప్పుడు మేమీ మాట ఎత్తడం, "ప్రతిసారీ చెప్పేదేగా" అని మా ఇంటావిడ అనడం మామూలు.

సముద్రపు ఒడ్డునే వుండి ఈ సీమ ఎందుకింత ఎండిపోయి వుంటుందని చిన్నప్పుడు మాకు సందేహంగా వుండేది. నైరుతి ఋతుపవనం తెచ్చే నీరు చాలవరకు పడమటి కనుమల అవతలనే కురిసిపోతుంది. ఇవతలకు వచ్చేది వట్టి గాలి. ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండల సందులోనుండి దూసుకువచ్చి గాలిమరలను త్రిప్పుతుంది, ఇసుకను ఎగరగొడుతుంది, చినుకు మాత్రం రాల్చదు. ఈశాన్య ఋతుపవనానికేమో సింహళద్వీపం కొంత అడ్డు. కనుక ఆశ్వయుజం మొదలు మార్గశిరం వరకు పడిందే ఏడాది బత్తెం. మావంటి గుమాస్తాలకు ఇది తేలికగా అర్థమవుతుంది. జీతం ఏడాదికొకసారి, ఖర్చు రోజూ. ఈ ఎండా గాలీ తూత్తుకుడి ఉప్పుమళ్ళకు మాత్రం పెట్టుబడి. దారిపొడుగునా తెల్లని కుప్పలు కళ్ళు మిరుమిట్లు గొలిపాయి.

ముక్కాణి దగ్గర తామ్రపర్ణి వంతెన దాటగానే అరటితోటలు, ఆత్తూరు తమలపాకు తోటలు. పొదిగై కొండలలో పుట్టిన ఈ నది రెండు ఋతుపవనాల నీరూ తెచ్చుకుంటుంది. అది తెచ్చిన ఒండ్రు మేట వేయగా, ఒకప్పటి పాండ్యుల రేవు కొర్కై ఇప్పుడు కడలికి మైళ్ళ దూరాన లోపల వున్నది. ఆ పచ్చదనం కాసేపే.

తిరుచెందూరు దాటి లోపలికి తిరిగితే తేరి. అరవంలో తేరి అంటే ఎర్ర ఇసుక దిబ్బల మైదానం. ఇనుపతుప్పు ప్రతి రేణువుకూ పూతవలె అంటుకొని, కుంకుమ ఆరబోసినట్లుంటుంది. గొడుగు తుమ్మలు, తాళ్ళు, అక్కడక్కడ జీడిమామిడి తప్ప వేరే చెట్టు చేమా తక్కువ. ఈ దిబ్బలలో దొరికిన అతి చిన్న రాతి పనిముట్లను గురించి జ్యూనర్, ఆల్చిన్ అనే పండితులు 1956లో వ్రాశారు. అంటే వ్రాత తెలియని కాలంనుండే ఇక్కడ మనుష్యులున్నారన్నమాట. నీరు లేనిదే ఎట్లా వుంటారు?

"ఏరా, బేరం చూడవచ్చావా, నన్ను చూడవచ్చావా?" అన్నారు అత్తగారు మమ్మల్ని చూడగానే. జవాబుకు ఆగకుండా తాటాకు దొన్నెలో పదనీరు పోసి, ముంజెలు చిదిపి వేసి ఇచ్చారు. ముంతకు లోపల సున్నం పూసి దించినది గనుక పులుపెక్కదు. మిగిలినది కాచి కరుపట్టి చేస్తారు. ఉడన్‌గుడి కరుపట్టి రుచి తెలిసినవారికి చక్కెర కాఫీ రుచించదు.

తరువాత బావి చూచాము. లోతు ఇరవై అడుగులే. నీరు కొబ్బరినీళ్ళవలె వున్నది. ప్రక్క తోటవారు నూట యాభై అడుగుల బోరు వేసుకున్నారు. అక్కడ ఒక గుక్క నోట పోసుకొని ఉమ్మివేశాము. ఇదేమి చిత్రమంటే, ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. తీరపు ఇసుకలో దిగిన వాననీరు ఉప్పునీటిపై తేలుతూ వుంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, క్రింద సుమారు 40 అడుగుల దాకా తీపే వుంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. ఈ లెక్క తిరగబడితే భయం. పైన ఒక అడుగు తోడివేస్తే, అడుగున ఉప్పు కాలక్రమాన 40 అడుగులు పైకి ఎక్కుతుంది. బేరానికి వచ్చినవారు తాళ్ళు కొట్టించి, నాలుగు బోర్లు వేసి, లారీలతో నీరు అమ్ముకుంటారట.

అత్తగారికి ఈ లెక్కలు తెలియవు. ఆమె చెప్పింది 2023 డిసెంబరు 17, 18 తేదీల సంగతి. ఇక్కడికి దగ్గరి కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాది పొడుగునా పడే వానకన్న ఎక్కువ. తామ్రపర్ణి పొంగింది, ఊళ్ళు మునిగాయి, శ్రీవైకుంఠం స్టేషనులో రైలు నిలిచిపోయి వందలాది జనం చిక్కుపడ్డారు.

"ఊళ్ళో మోకాటిలోతు నీళ్ళురా. తేరి మీద మర్నాటికి తడి తప్ప చుక్క నిలువలేదు. అంతా త్రాగేసింది. ఆ నీళ్ళే ఇప్పుడు నీవు త్రాగింది," అన్నారామె.

బేరపు సొమ్ము తక్కువేమీ కాదు. బావగారి అమ్మాయి చదువుకు చేసిన అప్పు ఎంతో కూడ మాకు తెలుసు. రాత్రి అరుగు మీద కూర్చుని కూడికలు తీసివేతలు వేశాము. సొమ్ము వైపు తక్కెడ దిగుతూనే వున్నది. అయినా తిరిగి వచ్చిన మరునాడు, "తోపు కౌలుకు ఇవ్వండి, బావి మాత్రం చేయి జారనీయకండి, అప్పులో కొంత మేము సర్దుతాము" అని వ్రాశాము. ఎంత సర్దగలమో మా ఇంటావిడను ఇంకా అడగలేదు. బావగారి జవాబూ ఇంకా రాలేదు.