ఎవరూ తనిఖీ చేయని చోట

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటా జరిగే ఎం.ఓ.టి. పరీక్ష నుండి 2018 మే నెల మొదలు మినహాయింపు లభిస్తున్నది. బండి నిర్మాణంలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. అయితే పరీక్ష లేనంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. రోడ్డెక్కే బండి సురక్షితంగా ఉండాలని చట్టం అప్పటికీ ఆదేశిస్తున్నది. బండి కిందికి దూరి చూసే అధికారి మాత్రం ఉండడు. ఇంట్లో పాత కారును బాగుచేసే ప్రతి కుటుంబమూ ఈ సంగతిని ఎదుర్కోవలసి వస్తుంది.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాము. మేము కొన్నది 1965 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్; స్థిరమైన పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1962 నుండి 1980 వరకు ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని ఆబింగ్డన్ కర్మాగారంలో ఈ రకం కార్లు అన్నీ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1798 సి.సి. ఇంజను, జంట కార్బురేటర్లు, ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ములు. విడిభాగాలు నేటికీ విరివిగా దొరుకుతాయి. పూర్తి బాడీలను సైతం 1988 నుండి మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారు. అందువల్ల ఇంట్లో పని నేర్చుకొనేవారికి ఇది అనువైన బండి. దీనిని బాగుచేసి, కొన్నాళ్లు వాడి, అమ్మగా వచ్చిన సొమ్మును మా అమ్మాయి చదువుకు వినియోగించాలని భార్యాభర్తలం ఆలోచన చేశాము.

కొనే ముందు మా చాచాకు వీడియో కాల్‌లో బండిని చూపించాము. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు టింకరింగ్ పని చేసినవారు. "అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద తిప్పండి బేటా. అంటుకోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది. అంటుకున్న చోట కూడా తట్టి వినండి" అన్నారు. తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ దగ్గర అయస్కాంతం అంటుకున్నది గాని, తట్టితే బొద్దుగా మోగింది. ఆ అనుమానాన్ని లెక్కలోకి తీసుకొనే ధర మాట్లాడాము. తరువాత కోసి చూస్తే, తుప్పు పట్టిన సిల్ మీద ఎవరో కొత్త రేకు కప్పి రంగు వేసి ఉన్నారు. పైన నిగనిగ, లోపల పొడి.

ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. పైకప్పు ఆసరా కూడా లేదు కనుక బండి బలంలో అధిక భాగం సిల్స్ మీదనే ఆధారపడి ఉంటుంది. పక్క నుండి మరో వాహనం గుద్దుకుంటే లోపలివారికి అడ్డుగా నిలిచేవీ అవే. వాటిని కోసే ముందు తలుపు ఖాళీలో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగు చేయాలి. లేకుంటే బాడీ నడుము కుంగిపోయి, ఆపై తలుపు సరిగా మూసుకోదు. మేమిద్దరమూ సాయంకాలపు తరగతులలో వెల్డింగు నేర్చుకొని, పైరేకు, నడిమి రేకు, లోరేకు మూడింటినీ మార్చాము. ఒక చలికాలమంతా ఆ పనికే సరిపోయింది. రంగు వేశాక ఆ శ్రమలో అంగుళం కూడా బయటికి కనిపించదు.

తరువాత మార్పుల చర్చ వచ్చింది. పందొమ్మిదేళ్ల మా అబ్బాయి వి8 ఇంజను పెట్టాలన్నాడు. "నడిపేది నేనే కదా అబ్బా!" అన్నాడు. "నువ్వు నడుపుతావు కాబట్టే ముందు బ్రేకులు, బేటా" అన్నాము. ప్రాణానికి సంబంధించినది మార్చాలి, సరదాకు సంబంధించినది ఉన్నట్టే ఉంచాలి అని ఇంటిల్లిపాది కూర్చొని నిర్ణయించుకున్నాము. దుబారాకూ అవసరానికీ మధ్య గీత గీయకపోతే ఇలాంటి పని ఇంటి బడ్జెట్‌ను మింగేస్తుంది.

ఆ కాలపు ఎం.జి.బి.లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే సర్క్యూట్ ఉంటుంది. ఎక్కడ గొట్టం పగిలినా పెడల్ నేలకు తాకుతుంది, బ్రేకులన్నీ ఒకేసారి పోతాయి. అందుచేత ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటిగా పనిచేసే జంట మాస్టర్ సిలిండర్ అమర్చి, గొట్టాలన్నీ కొత్తవి వేశాము. పెట్రోలు సంగతి రెండవది. 2021 సెప్టెంబరు నుండి ఇక్కడి సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారితే నిప్పంటుకొనే ప్రమాదం ఉన్నది. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు వేశాము. సీసం కలిపిన పెట్రోలు వాడుక ఆగిపోయింది కనుక సిలిండర్ హెడ్‌లో గట్టిపరచిన వాల్వ్ సీట్లు పెట్టించాము. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. ఇంజను, గేరుబాక్సు, స్టీరింగ్ చక్రం పాతవే ఉన్నాయి.

చేసిన ప్రతి పనినీ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి, ఫోటోలు అంటించాము. తుప్పు ఫోటోలు కూడా. కుడి తలుపు వేరొక కారుదనీ, రెండో గేరు సింక్రో అరిగి ఉన్నదనీ అందులో ఉన్నది. అమ్మకానికి పెట్టినప్పుడు తెలిసిన వ్యాపారి ఒకాయన, "ఆ పుస్తకం చూపకండి, ధర పడిపోతుంది" అని సలహా ఇచ్చారు. ఆయన మాట అబద్ధం కాలేదు. మొదట వచ్చిన కొనుగోలుదారు తుప్పు ఫోటోలు చూసి వెళ్లిపోయారు. రెండవవారు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గంటసేపు పుస్తకం చదివి, రెండో గేరు ఖర్చు తగ్గించి ధర చెప్పారు. మేమాశించిన దానికంటే అది తక్కువే. ఫీజులో మిగిలిన భాగం మా పొదుపు నుండి తీయవలసి వచ్చింది. లోపం దాచి అమ్మడం మన ధర్మంలో లేదు గనుక ఆ తేడాను నష్టంగా లెక్కించలేదు. ఆ సిల్స్ వెనుక రేపు కూర్చునేది మరొకరి బిడ్డ కావచ్చు.

స్పోర్ట్స్ కారు అందరి ఇళ్లలో ఉండదు. కాని పాత స్కూటరో, సెకండ్‌హ్యాండ్ కారో కొనని, అమ్మని కుటుంబం అరుదు. కొనేటప్పుడు గుడ్డ చుట్టిన అయస్కాంతం వెంట తీసుకువెళ్లండి. బాడీని తట్టి వినండి. రంగు కంటే ముందు బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు చూడండి. బండి ఇంట్లో ఉన్నంతకాలం మరమ్మతుల పుస్తకం ఒకటి రాయండి. అమ్మే రోజున తాళంచెవులతోపాటు ఆ పుస్తకాన్నీ కొన్నవారి చేతిలో పెట్టండి.