జపాను భాషకు తెలుగు త్రోవ

పరభాష యేది నేర్వవలెనన్నను ముందుగా ఇంగ్లీషు వచ్చి తీరవలెనను నమ్మకము మన గృహములలో పాతుకొని యున్నది. ఇంగ్లీషు వీధివాకిలి, తక్కిన భాషలన్నియు లోపలి గదులు అని మన తలంపు. ఈ నమ్మకము ఎంతవరకు చెల్లునో మా ఉదయగిరిలో ఒక బాలిక చదువు మూలమున నాకు తెలిసినది.

తెలుగు మాధ్యమమున నా యొద్ద చదివిన యా బాలిక, హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జపాను భాష చదివెదనని పట్టుబట్టెను. 1958లో ఆంగ్లబోధనకై వెలసి, 1972లో ఇతర విదేశభాషలను చేర్చుకొన్న సంస్థయే అది. ఆమె తండ్రి కమతగాడు. నన్ను పిలిచి యిట్లడిగెను: "అయ్యవారూ, ఇంగ్లీషే సరిగా రాని బిడ్డకు జపాను భాష యాడ వస్తుంది? దాని పెండ్లికని దాచిన రూకలు దీనికి పోసి, రేపు నేనేమి చేసేది?"

ప్రశ్న కఠినమైనదే కాని న్యాయమైనది. బదులు చెప్పుటకై ఆ వేసవి సెలవులలో ఆమె తెచ్చుకొన్న తొలిపాఠముల పుస్తకమును నేనును కూడ కూర్చుండి చదివితిని.

మొదట అక్షరములే నన్ను ఆశ్చర్యపరచినవి. హిరగాన, కతకాన అని వారికి రెండు లిపులు. ఒక్కొక్కదానికి 46 అక్షరములు. అ, ఇ, ఉ, ఎ, ఒ అని స్వరములు. పిదప క, స, త, న, హ, మ, య, ర, వ. ఇందలి 'హ' పూర్వకాలమున 'ప'గా పలుకబడెడిది. ఇది మన వర్ణమాల వరుసయే గదా! బౌద్ధ భిక్షువులు సంస్కృతము కొరకు సిద్ధమ్ లిపిని అభ్యసించుటచే ఈ క్రమము అక్కడ నిలిచినది. 736లో జపాను చేరి, 752లో నారా నగరపు మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించిన బోధిసేనుడు భారతీయుడే.

అక్షరములకన్న వాక్యము మరింత దగ్గర. "కినో హహ గ త్సుకుత్త మోచి ఓ తబెమషిత" యనగా "నిన్న అమ్మ చేసిన అప్పము తింటిని". కినో నిన్న, హహ అమ్మ, త్సుకుత్త చేసిన, మోచి అప్పము, తబెమషిత తింటిని. 'గ', 'ఓ' యనునవి విభక్తులవంటివి. మాటల వరుస మార్చ నక్కరలేదు. పుస్తకము దీనికి ఇంగ్లీషులో ఒక పుటెడు వివరణ వ్రాసినది. బాలిక దానిని చదువకయే నవ్వి తరువాతి పాఠమునకు పోయినది. మనము 'తినుట'కు మర్యాదగా 'ఆరగించుట' యన్నట్లే, వారు 'తబెరు'కు బదులు 'మెషిఅగరు' అందురు.

అంతమాత్రమున రెండు భాషలు అక్కచెల్లెండ్రని చెప్పరాదు. జపాను భాషకు తమిళముతో సంబంధము కలదని సుసుము ఓనో పండితుడు వాదించెను గాని, భాషాశాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరింపలేదు. త్రోవ అంతయు సుగమమనియు చెప్పరాదు. నిత్యవ్యవహారమునకై 2010లో అక్కడి ప్రభుత్వము నిర్ణయించిన చీనా అక్షరములు 2136. పెక్కింటికి రెండు మూడు ఉచ్చారణలు. అక్కడ తెలుగు తోడురాదు, అభ్యాసమే తోడు.

జపానును పూజించుటకు ఆ భాష నేర్వనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి ఆ దేశపు విమానములే. అయినను 1872లో చదువురాని కుటుంబము ఏ గ్రామమునను ఉండరాదని సంకల్పించినదియు ఆ దేశమే. పాశ్చాత్య శాస్త్రములను చదువబూనినప్పుడు వారు తమ భాషను విడువలేదు. క్రొత్త మాటలు కల్పించుకొనిరి. తత్త్వశాస్త్రమునకు 'తెత్సుగకు' అను పేరు అట్లు నిషి అమానె కల్పించినదే. ఆ చరిత్రను మూలభాషలో చదువగల తెలుగువారు మనకు కావలెను.

తండ్రికి ఈ సంగతులన్నియు చెప్పితిని. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు మొదలగు జపాను కర్మాగారములున్నవని చెప్పితిని గాని, ఉద్యోగమునకు పూచీపడలేదు. "మీ బిడ్డకు ఇంగ్లీషు కొరత గలదు, నిజమే. కాని మీ యింట నేర్చిన తెలుగు ఈ చదువున సగము మూలధనము" అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. చివరకు, "పెండ్లి ఎప్పుడైనా చేయవచ్చు" అనెను. ఆమె యిప్పుడు అక్కడ రెండవ సంవత్సరము చదువుచున్నది.

ఆడపిల్ల చదువునకు రూకలు లేవనుట కొన్ని యిండ్లలో నిజమే. కాని తెలుగు మాత్రమే వచ్చినదని ఆమెను తక్కువగా నెంచుట ఏ యింటను నిజము కాదు. మాతృభాష గట్టిగా వచ్చిన బిడ్డకు వాకిళ్లు ఒకటి గాదు, పెక్కు గలవు. వానిని మూయకుండుట పెద్దల వంతు.