మత్తిగిరిలో వన్‌వే మాట

హోసూరునుండి దక్షిణంగా రెండు మూడు మైళ్ళు వస్తే మత్తిగిరి. ఈ పేరు చెప్పగానే పెద్దవాళ్ళకు జ్ఞాపకం వచ్చేది పశువుల ఫారం. 1824లో దొరల కాలాన ఏర్పడిన ఫారం అది. మేలుజాతి గుర్రాలూ, ఎద్దులూ తిరిగిన నేల ఇది. మా పాత వీధులు కూడా ఎద్దుబండి కొలతకే ఏర్పడ్డవి కాబోలు. ఒక బండి వస్తూంటే ఎదురుబండివాడు అరుగు ప్రక్కకు ఒదిగి నిలిచేవాడు. ఇద్దరూ క్షేమసమాచారాలు అడుగుకొని మరీ కదిలేవారు.

ఆ కాలం పోయింది. సిప్కాటు కర్మాగారాలు వెలిశాయి. మత్తిగిరి హోసూరులో కలిసిపోయింది. హోసూరు 2019లో కార్పొరేషను కూడా అయింది. అన్నీ పెరిగినవి గాని, మా వీధి వెడల్పు మాత్రం పెరగలేదు. బడివేళకు అటునుంచి ఒక ఆటో, ఇటునుంచి ఒక వ్యాను వచ్చి ఎదురెదురుగా నిలుస్తాయి. ఎవరూ వెనక్కు తియ్యరు. ఆ హారన్ల మోతలో అరుగుమీద కూర్చున్నవాడికి కాఫీ కూడా గొంతు దిగదు.

అందుకని వీధిని వన్‌వే చేయించుదామన్న మాట పుట్టింది. పడుచువాళ్ళంతా సరే నన్నారు. ఎదురింటి అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

“ఎదురుబండి వస్తుందన్న భయంతోనే గదా నాయనా, వీళ్ళు ఈమాత్రమైనా మెల్లగా పోతున్నారు? ఆ భయం కూడా తీసేస్తే నేను వీధి దాటి గుడికి పోయేదెట్లా?” అన్నది.

మొదట నవ్వుకున్నాము. తరువాత ఆలోచిస్తే నవ్వవలసిన మాట కాదని తెలిసింది. వన్‌వేలో బళ్ళు ఎదురెదురుగా గుద్దుకొనే ప్రమాదం తగ్గుతుంది, నిజమే. దాటేవాళ్ళు ఒక్క వైపే చూసుకుంటే చాలు, అదీ నిజమే. కాని ఎదురు లేని దారిలో వేగం పెరుగుతుంది. సొంత ఇంటికి రావడానికి వీధివాళ్ళే చుట్టు తిరగవలసి వస్తుంది. పాలసైకిలువాడు చుట్టు తిరుగుతాడా, ఎదురు వస్తాడా? ఎదురే వస్తాడు. బండి రాదనుకొన్న దిక్కునుంచి వచ్చేదే ఎక్కువ ప్రమాదం.

మనకు తెలిసిన వన్‌వేలలో పెద్దది తిరుమల కొండదారి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది. 1974లో రెండవది వచ్చేవరకు ఎక్కే బళ్ళకూ దిగే బళ్ళకూ అదొక్కటే దారి. ఇప్పుడు కొత్తదారిన ఎక్కి పాతదారిన దిగుతాము. అక్కడ అది చక్కగా సాగుతున్నదంటే, దారికి జతగా మరొక దారి ఉండబట్టే. మా వీధికి జత ఏది? వెనుకనున్న సందు. అది ఇంతకన్నా ఇరుకు. మా హారన్లను వాళ్ళ వాకిటికి పంపి మేము సుఖపడడం న్యాయమా?

అట్లాగని చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షనులో ఒక సదుపాయమున్నది. అధికారులు విధించే ఆంక్ష నెలకు మించనిదైతే గెజిటులో ప్రకటించనక్కరలేదు, స్థానికంగా తగినంత చాటిస్తే చాలును. అంటే ముందు ఒక నెల చేసి చూడవచ్చునన్న మాట.

కనుక అర్జీ మార్చి వ్రాసుకొన్నాము. ఒక నెల మాత్రమే వన్‌వే. అవ్వ దాటే చోట బళ్ళు నెమ్మదించేటట్లు ఒక మిట్ట. వీధి మొదట కొత్తవారికి కనబడేలా బోర్డు. నెల గడిచాక మా వీధివాళ్ళూ, వెనుక సందువాళ్ళూ కలిసి కూర్చొని, ఉంచడమో తీసివేయడమో తేల్చుకోవడం. ఇది విన్న తరువాతనే అవ్వ సంతకం పెట్టింది. వెనుక సందువాళ్ళు ఇంకా పెట్టలేదు. వాళ్ళ ఇళ్ళకు ఈ ఆదివారం పోతున్నాము.

మీ వీధిలో కూడా ఈ మాట పుడితే, బండి ఉన్నవాళ్ళను తరువాత అడగవచ్చును. నడిచి దాటేవాళ్ళను ముందు అడగండి.