అందరి ఎదుట అన్న మాట

తాడేపల్లిగూడెము నుండి ఏలూరుకు రైలులో సుమారు గంట ప్రయాణము. మార్కెట్టు వైపు నుండి వచ్చే ఉల్లిపాయల ఘాటు స్టేషను దాటే వరకు మనతోనే వస్తుంది. తరువాత పుళ్ళ, భీమడోలు, దెందులూరు. ఇరువైపుల వరిచేలు, చేలు ఆగిన చోట చేపల చెరువులు. ఏలూరు వెళ్ళడమంటే మాకు సాధారణముగా సభలకో, ఆసుపత్రిలోనున్న విశ్వాసులను పరామర్శించుటకో. గత మాసము భార్యాభర్తలమిద్దరము వెళ్ళిన పని వేరు. ఒక మనిషిని వెదకి, చెప్పవలసిన మాట ఒకటి చెప్పాలని వెళ్ళాము.

2012లో మేము గూడెము దగ్గర ఒక పల్లెలో పరిచర్య చేస్తున్నాము. క్రిస్మసుకు ముందు మందిరములోని మైకు ఆంప్లిఫయరు కనిపించకుండా పోయింది. ఊరి చివర బుట్టలు అల్లుకొని బ్రతికే ఎరుకల కుటుంబములు నాలుగు ఉండేవి. వారిలో ఒక సహోదరుడు బాప్తిస్మము పొంది, ప్రతి ఆదివారము వెనుక వరుసలో కూర్చొనేవాడు. ఎవరూ ఏమీ అనలేదు గాని అందరి చూపు ఆ వెనుక వరుస మీదికే పోయింది. ఆరాధన ముగియగానే, సంఘమంతా చూస్తుండగా, మేమే ఆయనను నిలబెట్టి అడిగాము. “తీసి ఉంటే చెప్పు, క్షమిస్తాము” అన్నాము. ఎంత మంచిగా మాట్లాడామో అని అప్పుడు అనుకున్నాము కూడ! మధ్యాహ్నము పెద్దలు వెళ్ళి ఆ ఇంట్లోని గోనెసంచులు దులిపి చూశారు. నాలుగు రోజులకు సంగతి తెలిసింది. సంఘ పెద్ద గారి అబ్బాయి స్నేహితుని పెండ్లికి పట్టుకెళ్ళి అక్కడే మరచిపోయాడట. అందరూ నవ్వుకున్నారు. ఆ సహోదరుడు మాత్రము మరల మందిరమునకు రాలేదు. సంక్రాంతి వెళ్ళాక, కుటుంబముతో కొల్లేటి వైపు చెరువు కాపలాకు పోయాడని విన్నాము.

ఆ చూపు మా సంఘములో పుట్టినది కాదు. ఎరుకలవారు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైళ్ళు వచ్చి ఆ వర్తకము పడిపోయింది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి కూడ వచ్చింది. ఆ చట్టము క్రింద పేరు ఎక్కినవారు వ్రేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఏ దొంగతనమూ చేయనక్కరలేదు, ఆ కులములో పుడితే చాలు. 1936లో నెల్లూరు వచ్చిన నెహ్రూ గారు ఈ చట్టమును గట్టిగా ఖండించారు. మద్రాసు ప్రభుత్వము 1947లోను, భారత ప్రభుత్వము 1952 ఆగస్టు 31న దేశమంతటికిని దానిని రద్దు చేశాయి.

ఇందులో క్రైస్తవుల పాలు కూడ ఉన్నది, దాచుకోకూడదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము సెటిల్‌మెంటును నడిపినది రక్షణ సైన్యము. కావలిలో నడిపినది అమెరికన్ బాప్టిస్టు మిషను. బడి పెట్టారు, పని చూపించారు. హాజరు కూడ వారే పిలిచారు.

ఏలూరులో దిగి కైకలూరు రోడ్డున బస్సు ఎక్కాము. ఊరు దాటిన కొంతసేపటికి నేల కంటె నీరే ఎక్కువయింది. గట్టు ప్రక్క గట్టు, మధ్యలో గుర్రపుడెక్క, కిక్కిస, వాటిపై తెల్లగా గూడబాతులు. 1970లలో సహకార సంఘములు పెట్టించి ఇక్కడ చెరువులు త్రవ్వించినది ప్రభుత్వమే, 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించి 2006లో వాటిని పగులగొట్టించినదియు ప్రభుత్వమే. అది వేరే కథ.

ఆ సహోదరుడు గట్టు మీద గుడిసె ముందు తవుడు సంచులకు చిల్లులు పొడుస్తున్నాడు. లక్షల విలువ చేసే బొచ్చె, శీలావతి ఆయన కాపలాలో ఉన్నాయి. మమ్మును గుర్తుపట్టి లేచాడు. ఆయన భార్య టీ ఇచ్చింది. మేము తడబడుతూనే చెప్పాము. ఆ రోజు తప్పు చేశామని, క్షమించమని. ఆయన కొంతసేపు నీళ్ళ వైపు చూశాడు.

“ఇంత దూరం వచ్చారు, సంతోషమే అయ్యగారూ. ఆ రోజు నన్ను రెండొందల మంది ముందు నిలబెట్టి అడిగారు. ఇయ్యాల గట్టు మీద చెబుతున్నారు. ఇక్కడ విన్నది గూడబాతులే గదా.”

మేము జవాబు చెప్పలేకపోయాము. ప్రభుత్వములు చెప్పే క్షమాపణలు రాజకీయమే గాని మరేమి కాదని ఎన్నోసార్లు అన్నవారము మేము. ఆ గట్టు మీద అలాగు అనలేకపోయాము. 2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, తల్లుల ఒడి నుండి లాగివేయబడిన ఆదివాసుల బిడ్డలకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అదే సంవత్సరము జూన్ 11న కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్, ఆదివాసుల నాయకులను సభలోనే కూర్చుండబెట్టి, వసతి పాఠశాలల విషయమై క్షమాపణ కోరారు. ఆ పాఠశాలలలో ఎక్కువ భాగము నడిపినది సంఘములే. పోపు ఫ్రాన్సిస్ 2022 జూలైలో అక్కడికే వెళ్ళి క్షమాపణ చెప్పారు. 2009 డిసెంబరులో అమెరికా చేసినది మరొక విధము. రక్షణ ఖర్చుల చట్టములో ఒక సెక్షనుగా క్షమాపణ వ్రాసి, ఏ దావాకును ఇది ఆధారము కాదని అందులోనే చేర్చారు. వినవలసినవారిలో ఎందరికి వినబడిందో! 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలోని గిలా నది ఆదివాసుల మధ్యకు వెళ్ళి, వసతి పాఠశాలల విషయమై నోరు తెరచి చెప్పవలసి వచ్చింది.

మన ప్రభుత్వములు ఎరుకలవారికి షెడ్యూల్డు తెగలలో చోటిచ్చాయి, చదువులో ఉద్యోగములో వాటా ఇచ్చాయి. చిన్న మేలు కాదు. అయితే సంఖ్యాకాండము ఐదవ అధ్యాయములో తిరిగి ఇచ్చుట కంటె ముందు ఒప్పుకొనుట ఉన్నది. దొంగలని చట్టములో వ్రాసిన మాటకు, అది మా తప్పు అని పార్లమెంటులో నిలిచి ఎవరూ చెప్పలేదు. రద్దు అయి 72 సంవత్సరములు గడిచాక, 2024 అక్టోబరు 3న, జైలు నిబంధనలలో ఇంకా మిగిలియున్న అటువంటి వ్రాతలను తీసివేయుడని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించవలసి వచ్చింది.

బయలుదేరే ముందు ఆయనను అడిగాము, వచ్చే నెల మొదటి ఆదివారము గూడెము వస్తారా అని. ఆ మందిరములో ఇప్పుడు వేరొక దైవసేవకుడున్నారు. ఆయన అనుమతిస్తే అదే స్థలములో నిలబడి, అందరి ఎదుట చెబుతామన్నాము.

“ఆ వారం చేప పడతారు, లారీలు వస్తాయి. చూద్దాం అయ్యగారూ” అని ఆయన మరొక సంచి తీసుకున్నాడు.

టీ గ్లాసులు తీసికొంటూ ఆయన భార్య అడిగింది. “పెద్ద గారి అబ్బాయి కూడా ఉంటాడా అండీ, ఆ రోజు?”

కనుక్కొని చెబుతామన్నాము.